మన ఫోన్ నంబరు ఎవరి సొమ్ము?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్ళలో మొదలయ్యే హడావుడి మీకు తెలిసిందే. సామాను లారీవాళ్ళకు ఫోన్ నంబరు, గ్యాస్ ఏజెన్సీకి నంబరు, అద్దె ఇల్లు చూపించే బ్రోకరుకు నంబరు. చివరికి పెన్సిల్ డబ్బా కొన్న దుకాణంలో కూడా నంబరే. ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళు ఒకసారి ఇచ్చే వివరాలను మనం ప్రతి మూడు నాలుగేళ్ళకూ మళ్ళీ మొదటినుంచి ఇస్తాం. పాత ఊళ్ళో ఇచ్చినవేమో అక్కడే ఉండిపోతాయి.

కదిర్కామంలో దిగి వారం తిరక్కముందే "మీ అబ్బాయి పదో తరగతి కదా, మా కోచింగులో చేర్చండి" అని ఫోన్లు అందుకున్న ఇళ్ళు మనలో ఉన్నాయి. పదో తరగతని వాళ్ళకెవరు చెప్పారు?

2023 మార్చిలో హైదరాబాదు పక్కన సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు అమ్మకానికి పెట్టినవి 16.8 కోట్ల మంది వివరాలని పోలీసులు చెప్పారు. అందులో నీట్ విద్యార్థుల పేర్లు, తండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. 2.55 లక్షల మంది రక్షణ సిబ్బంది హోదాలు, పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి. నాన్న పోస్టింగు ఎక్కడన్నదీ అంగడి సరుకేనన్నమాట! కొద్ది రోజులకే ఇంకొకరి దగ్గర 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు దొరికాయి. వాటిలో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలవీ ఉన్నాయి.

అమ్మినవాళ్ళను పట్టుకోవడం మంచిదే. కానీ అక్కర్లేని చోట అడిగి పోగుచేసేవాళ్ళ సంగతేమిటి? పెన్సిల్ అమ్మడానికి నంబరెందుకు? నంబరు ఇవ్వాల్సిందేనని కొనేవాళ్ళను పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు చెప్పింది. "మిషన్ ఒప్పుకోదండీ" అంటే, ఒప్పించుకోవలసింది దుకాణంవాళ్ళే.

అదే ఏడాది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలి. మాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. ఇక్కడి ఫారాలు ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగల మన అమ్మమ్మలు ఏముందో తెలియకుండానే సంతకం పెడుతున్నారు. చదవలేని కాగితం మీద పెట్టిన సంతకాన్ని ఒప్పుకోలు అనడం మాకు సమ్మతం కాదు. కంపెనీలు తెచ్చే ఆ తెలుగు మాత్రం మందుల పెట్టెలో కాగితంలా ఉండకూడదని, తెలుగు చెప్పేవాళ్ళుగా మా బెంగ.

ఈ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు సిద్ధపడటానికి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. అడగడానికి మనకు గడువెందుకు? ఈ వేసవిలో బదిలీ అయ్యేవాళ్ళు సామాను కట్టేలోగా ట్యూషన్లు, దుకాణాలు, యాప్‌ల జాబితా ఒకటి రాసుకోండి. "మా వివరాలు తీసేయండి" అని అమ్మానాన్నల చేత ఒక్కొక్కరినీ అడిగించండి.