పిల్లి బరువు

పిసినారిని గూర్చి “పిల్లికి బిచ్చము పెట్టనివాడు” అని మనవారు చెప్పుట వాడుక. అయినను ఉదారులగు గృహస్థులు సైతము పిల్లి విషయమున పిసినారులగుట మేము చూచుచున్నాము. కడుపు నిండిన పిల్లి యెలుకలను పట్టదని తలచి కొందరు దానిని పస్తులుంచుదురు. మరికొందరు బొద్దుగా నుండుటయే ఆరోగ్యమని భ్రమించి, అది అరచినప్పుడెల్ల పాలును పెరుగన్నమును పెట్టుదురు. ఈ రెండు పద్ధతులును తప్పులే యని మా యభిప్రాయము.

పెరిగిన పిల్లి యెంత యుండవలెను? కడప బండపై చాగిలబడి నిద్రించు పిల్లిని కొలిచినచో, తలనుండి తోక మొదటివరకు సుమారు 46 సెంటీమీటర్లును, తోక ఇంచుమించు 30 సెంటీమీటర్లును ఉండును. మన యిండ్లలోని పిల్లి సామాన్యముగా 3 మొదలు 5 కిలోల వరకు తూగును. గండుపిల్లి ఆడుపిల్లికంటె కొంత పెద్దది. అమెరికా దేశపు మెయిన్ కూన్ జాతి గండుపిల్లి 8 కిలోలు తూగినను దోషము లేదు. సన్నని సయామీ జాతి పిల్లికి ఆ బరువు పెనుభారము. కావున సంఖ్య యొక్కటే ప్రమాణము గాదు.

చేతితో జూచు పరీక్ష కూడ అవసరము. ప్రక్కలపై వ్రేళ్లను మెల్లగా నాడించినప్పుడు, పలుచని క్రొవ్వుపొర క్రింద ఎముకలు తగులవలెను. పైనుండి చూచినప్పుడు ప్రక్కటెముకల వెనుక నడుము కొంచెము సన్నగిలవలెను. ఎముకలు కంటికే కనబడినచో అది కృశించినది. నొక్కినను తగులకున్నచో స్థూలించినది. పశువైద్యులు దీనినే 1 నుండి 9 వరకు గల అంకెలతో గణించి, 5ను సరియైన స్థితిగా నెంచుదురు. స్థూలించిన పిల్లికి మధుమేహమును, కీళ్ల బాధయు సులభముగా కలుగును. అట్టి పిల్లి కొన్ని దినములు తిండి మానినచో, కాలేయము క్రొవ్వుతో నిండి ప్రాణాపాయము సంభవింపవచ్చును.

కృశించుటయు తేలికగా జూడదగినది కాదు. మా వసతిగృహపు కొట్టుగదిలో బియ్యమునకును జొన్నలకును కాపుగా నొక ఆడుపిల్లి యుండెను. ఒక వేసవిలో అది చిక్కసాగెను. మాటిమాటికి నీటితొట్టి యొద్దకు పోవుచుండెను. కర్నూలు ఎండలకు మనుష్యులే చిక్కుచుండగా పిల్లి చిక్కుట వింతయా యని మేము నవ్వితిమి. ఏటేట విద్యార్థులను తూచి బరువులు వ్రాసికొను మేము, ఆ పిల్లిని ఒక్కమారును తూచి యెరుగము. పశువైద్యశాలకు గొనిపోవునప్పటికి దాని మూత్రపిండములు చాలవరకు చెడియుండెను. వారము దినములలో అది మరణించెను. “అయ్యవారూ, ముందే తెలిసియుంటే ఇంకొన్నాళ్లు బ్రదికియుండునా?” అని యొక చిన్న విద్యార్థి యడుగగా, మేము తలవంచుకొంటిమి.

తెలిసికొనుట కష్టమైన పని కాదు. పిల్లిని ఎత్తికొని తూకపు యంత్రముపై నిలువవలెను; పిదప ఒంటరిగా నిలువవలెను. మొదటి సంఖ్యనుండి రెండవదానిని తీసివేయగా మిగిలినదే పిల్లి బరువు. నెలకొకమారు దానిని వ్రాసి యుంచినచో, ఆ పిల్లికి ఏది సహజమో తెలియును. 4 కిలోల పిల్లి అరకిలో తగ్గుట, 64 కిలోల మనుష్యుడు 8 కిలోలు తగ్గుటతో సమానము. మనుష్యుడట్లు తగ్గినచో ఇంటిల్లిపాదియు వైద్యునికొరకు పరుగిడుదురు గదా!

ఆహార విషయమునను కొంత తెలివి కావలెను. పిల్లి మాంసాహారి, ఉత్త పెరుగన్నముతో దాని శరీరము నిలువదు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగవు. గ్రుడ్డు, చేప, మాంసము అను వానిలో ఏదియో యొకటి మితముగా పెట్టి, మంచినీరు ఎల్లప్పుడును అందుబాటులో నుంచవలెను. వేట దాని స్వభావము. కడుపు నిండినను ఎలుక కదలినచో అది దుముకును. కావున పస్తులుంచుట నిష్ప్రయోజనమైన క్రూరత్వము.

ఇప్పుడు మా కొట్టుగదికి మరియొక పిల్లి వచ్చినది. విద్యార్థుల బరువుల పట్టిక ప్రక్కనే దాని పట్టికయు వ్రేలాడుచున్నది. విద్యార్థులారా! సెలవులకు మీ గ్రామములకు పోయినప్పుడు, మీ యింటి పిల్లికిని ఇట్టి పట్టిక నొకదానిని వ్రాయుడు. దానికి వలయునది ఒక చిన్న కాగితము, నెలకు రెండు నిమిషముల కాలము మాత్రమే.