పొలం గట్టు మీద సైకిలు

సైకిలు పేదవాని వాహనమని ఒకనాడు అనుకొనేవారు. పాలవాడు, తపాలా బంట్రోతు, బడిపంతులు దానిని నమ్ముకొని బ్రతికారు. నేడు దాని రూపం మారింది. లావుపాటి టైర్లు, గేర్లు, కుదుపును మ్రింగివేసే స్ప్రింగులు గల మౌంటెన్ బైకు వచ్చిన పిదప సైకిలుకు రోడ్డుతో పని లేకుండా పోయింది. 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రాన, మారిన్ కౌంటీ కొండవాలులలో కొందరు యువకులు పాత సైకిళ్లను బాగుచేసుకొని మట్టిబాటల వెంట క్రిందికి దూకించడంతో ఈ ఆటకు ప్రాచుర్యం కలిగింది. ఆట మంచిదే. దేహానికి శ్రమ, మనస్సుకు ఉల్లాసం, పెట్రోలు ఖర్చు లేదు. అయితే రోడ్డు విడిచిన సైకిలు ఎవరి నేల మీద పోతుందన్న ప్రశ్న మాత్రం ఆటతో పాటే పుట్టింది.

మా విద్యార్థులలో కొందరు ఇట్టి సైకిళ్లు సంపాదించి ఆదివారాలలో పట్టణం వెలుపలి పొలాల వైపు పోతున్నారు. కళాశాల పక్షాన ఒక సైకిలు సంఘం ఏర్పరచవలసినదిగా కమిటీ పెద్దలను కోరాలని కూడా వారి సంకల్పం. మేము దానికి అడ్డుపడేవారం కాము. కాని సంఘానికి అధ్యక్షుడెవరు, చొక్కాల రంగు ఏది అనే చర్చకు ముందు తేలవలసిన విషయం ఒకటి ఉన్నది. పరుల సేద్యపు భూమి మీది బాట వాడుకొనే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న మనకు క్రొత్త కావచ్చును గాని లోకానికి క్రొత్త కాదు. అమెరికా ఈశాన్య భాగాన వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఉన్నది. అందులో ఈస్ట్ బర్క్ ఒక పల్లె. ఆ పల్లె ఉన్న బర్క్ పట్టణ ప్రాంతమంతా కలిపినా జనాభా 2,000 నిండదు. 1994లో అక్కడి స్థానికులు కింగ్డమ్ ట్రెయిల్స్ అనే లాభాపేక్ష లేని సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘానికి స్వంత భూమి అంటూ పెద్దగా లేదు. చుట్టుపట్ల రైతులు, భూస్వాములు తమ పచ్చికబయళ్లలో, తోపులలో బాట వేసుకొనడానికి ఒప్పుకొన్నారు. ఒకరి పొలం నుంచి మరొకరి పొలానికి, అక్కడి నుంచి ఇంకొకరి తోపులోనికి బాటలు అల్లుకొని నూరు మైళ్లు దాటాయి. నేల ఇచ్చినవారు సుమారు నూరుమంది. వారు ప్రతిఫలంగా పైసా పుచ్చుకొనలేదు. సైకిలువారు సంఘానికి రుసుము చెల్లించి పాసు తీసుకొనేవారు. ఆ సొమ్ము బాటల మరమ్మతుకు, సంఘం నిర్వహణకు వినియోగమయ్యేది. పల్లెలో హోటళ్లు, దుకాణాలు వెలిశాయి. ఏటా లక్షకు పైగా సందర్శనలు నమోదయ్యే స్థితి వచ్చింది.

2019 డిసెంబరులో ఒక వార్త ఆ పల్లెను కలవరపెట్టింది. డార్లింగ్ హిల్ అనే గుట్ట మీద ఇరుగుపొరుగు భూములు గల ముగ్గురు యజమానులు తమ నేల మీద ఇక సైకిళ్లను రానీయమని ప్రకటించారు. నడిచేవారు రావచ్చును, సైకిళ్లు మాత్రం వద్దన్నారు. ఆ భూములు బాటల అల్లికకు నడిమి ముడి వంటివి. ఏళ్ల తరబడి పేరు పడిన బాటలు ఒక్కమాటతో సైకిలువారికి మూతపడ్డాయి. ఎవరూ న్యాయస్థానానికి పోయి గెలవగలిగింది లేదు, ఎందుకంటే అక్కడ హక్కు అన్నదే లేదు. ఉన్నది అనుమతి. ఇచ్చినవారే దానిని తిరిగి తీసుకొన్నారు. గుంపులు మితిమీరడం, గుర్రపు స్వారీ చేసేవారి పట్ల, నడిచేవారి పట్ల కొందరు సైకిలువారు అమర్యాదగా మెలగడం కారణాలని అప్పట్లో చెప్పుకొన్నారు.

మమ్మల్ని ఆలోచింపజేసినది ఆ మూసివేత కాదు, అంతకు ముందు పాసు చేసిన పని. రుసుము కట్టి, చీటీ తగిలించుకొన్న మనిషి తాను కొనుగోలుదారునని అనుకొంటాడు. సినిమా టిక్కెట్టు కొన్నవానికి కుర్చీ మీద ఎంత హక్కు ఉంటుందో తనకు బాట మీద అంత హక్కు ఉన్నదని భావిస్తాడు. కాని అతడు డబ్బు చెల్లించినది సంఘానికి. నేల ఇచ్చిన రైతుకు అతడు ఋణపడి ఉన్నాడే గాని ఆ ఋణం తీరలేదు. మెహమాన్‌గా వచ్చినవాడు ఖరీదుదారుగా మారిపోయాడు. ఇంటివాడు తలుపు వేసుకొన్నాడు. ఇందులో ఆశ్చర్యపడవలసినది మాకేమీ కనిపించదు.

ఆ రైతులు ప్రతిఫలం ఎందుకు పుచ్చుకొనలేదు అని అడగవచ్చును. ఔదార్యం కొంత, చట్టం కొంత. వినోదం కోసం తన నేల మీదికి ఉచితంగా రానిచ్చిన యజమాని, బుద్ధిపూర్వకంగా హాని చేస్తే తప్ప, అక్కడ జరిగే ప్రమాదాలకు బాధ్యుడు కాడని వెర్మాంట్ చట్టం చెబుతుంది. ప్రవేశానికి వెల పుచ్చుకొన్నవానికి ఆ రక్షణ ఉండదు. పడి కాలు విరిగినవాడు నేలగల ఆసామి మీద దావా వేయకుండా ఆ చట్టం కాపాడుతుంది. ఇంతటి ఏర్పాటు లేకపోతే ఏ రైతు మాత్రం ధైర్యంగా గేటు తెరుస్తాడు?

బ్రిటనులో దారి వేరు. ఇంగ్లండు, వేల్సులలో 1968 నాటి చట్టం గుర్రపు బాటల మీద సైకిలు తొక్కే హక్కు ఇచ్చింది. నడిచేవారికీ గుర్రపువారికీ సైకిలువాడు దారి విడవాలన్న షరతును కూడా అదే వాక్యంలో ఇరికించింది. కాలిబాటల మీద అట్టి హక్కు లేదు. రైతు ఒప్పుకొంటేనే పోవాలి. 20 ఏళ్లు జనం అడ్డు లేకుండా నడచిన దారి ప్రజల దారిగా స్థిరపడే అవకాశం అక్కడి చట్టంలో ఉన్నందువల్ల, ఇది కేవలం మా అనుమతితో నడుస్తున్న బాట అని యజమానులు ముందుగానే పలక కట్టుకొంటారు. స్కాట్లండు ఇంకా ముందుకు పోయింది. 2003లో చేసిన భూసంస్కరణ చట్టం నడిచేవారితో పాటు సైకిలువారికీ దాదాపు దేశమంతటా ప్రవేశపు హక్కు ఇచ్చింది. అయితే బాధ్యతతో వాడుకొన్నంత వరకే అది హక్కు. విత్తిన చేనులోనికి ఆ హక్కు రాదు. విత్తని అంచు వెంట పోవచ్చును. మోటారు బండికి అసలే లేదు.

ఆ దేశపు రైతుల భయం వట్టి పిసినారితనం కాదని చెప్పడానికి 2001 సంవత్సరం చాలు. ఆ ఏట బ్రిటనులో పశువులకు గాలికుంటు వ్యాధి సోకింది. 60 లక్షలకు పైగా పశువులను, గొర్రెలను, పందులను చంపవలసి వచ్చింది. చెప్పులకు, చక్రాలకు అంటుకొన్న మట్టితో రోగం ఒక మంద నుంచి మరొక మందకు పోగలదని పల్లె బాటలను విస్తారంగా మూసివేశారు. మనకు వినోదయాత్రగా కనిపించే రెండు అంగుళాల టైరు పశువుల ఆసామికి ఎట్లా కనిపిస్తుందో ఆ ఏడు తెలిసింది.

ఇక మన నేల సంగతి. ఇంగ్లండు గుర్రపు బాటలు మనకు లేవు గాని పుంతలున్నాయి, డొంకలున్నాయి, బండ్ల బాటలున్నాయి. గ్రామ నక్షాలో చూపిన బాట ఊరందరిది. దాని మీద సైకిలు పోతే అడిగేవారు లేరు. దానిని కలుపుకొని దున్నేవారిని అడగవలసినదే గాని అది వేరే వ్యాసం. చిక్కు వచ్చేది గట్టు దగ్గర. పట్టణంలో పెరిగిన పిల్లవానికి వరిమడి గట్టు సన్నని బాటగా కనిపిస్తుంది, సైకిలు తొక్కడానికి దేవుడు వేసినట్లే ఉంటుంది. నిజానికి గట్టు బాట కాదు, ఆనకట్ట. తడిసిన గట్టు మీద చక్రం గాడి పెడితే ఆ గాడి వెంట నీరు జారుతుంది. తెల్లవారేసరికి పై మడి ఎండుతుంది, క్రింది మడి మునుగుతుంది. రాత్రివేళ లాంతరో టార్చిలైటో పట్టుకొని పారతో గండి పూడ్చేవాడు పగలు సైకిలు మీద పోయినవాని పేరు ఎరుగడు. నల్లరేగడిలో మరొక తంటా. వానపడిన మరునాడు పడిన గాడి ఎండి రాయివలె గట్టిపడుతుంది.

చట్టం విషయానికి వస్తే, మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉన్నది. పరుల నేల మీది దారిని 20 ఏళ్లు శాంతియుతంగా, బాహాటంగా, ఎడతెగక, హక్కుగా వాడుకొంటే అది నిజంగానే హక్కు అవుతుందని ఆ చట్టం సారాంశం. రైతుకు ఈ సంగతి సెక్షను సంఖ్యతో తెలియకపోవచ్చును, అనుభవంతో తెలుసు. నేడు పోనిస్తే రేపు దారి అంటారని అతడు జంకుతాడు. ఆ జంకు పోవడానికి ఉపాయం కూడా ఆ చట్టంలోనే ఉన్నది. అనుమతి తీసుకొని వాడుకొన్న దారి ఎన్నేళ్లు గడచినా హక్కుగా మారదు. కనుక మేము లిఖితపూర్వకమైన అనుమతి కావాలని అంటున్నది కళాశాలకు ఒక ధైర్యం కోసం మాత్రమే కాదు. ఆ కాగితం ప్రధానంగా రైతును కాపాడుతుంది. మేము మీ దయతో వచ్చినవారమే గాని హక్కుతో వచ్చినవారం కామని మన చేతి వ్రాతతో అతని చేతిలో పెట్టడమే దాని ప్రయోజనం.

అనుమతి ఎవరిని అడగాలి? పట్టాదారును అని వెంటనే జవాబు వస్తుంది. కాని మన పల్లెలలో పట్టాదారు హైదరాబాదులోనో డల్లాసులోనో ఉండవచ్చును. చేను దున్నేవాడు కౌలు రైతు. ఫోనులో పట్టాదారు కులాసాగా “పోనీయండి, పిల్లలే గదా” అంటాడు. నలిగిన శనగ మొక్క అతనిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినది గదా, దానిలో కౌలు ఒప్పందం 11 నెలలది. నేల ఒకరిది, ఆ 11 నెలల పంట మరొకరిది అని ప్రభుత్వమే ఒప్పుకొన్నప్పుడు మనం పట్టాదారు మాటతో సరిపెట్టుకొనడం న్యాయం కాదు. ఇరువురినీ అడగాలి. ఒకరు కాదంటే కానట్లే.

మా మాటకు ఒక విద్యార్థి ఉర్దూలో అభ్యంతరం చెప్పాడు: “జమీన్ తో ఖుదా కీ హై, సర్.” మాట అందమైనదే, నిజమైనది కూడా. భూమి అల్లాహ్‌దే. కాని అదే అల్లాహ్ పరుల ఇండ్లలోనికి అనుమతి అడగకుండా, సలాము చెప్పకుండా పోవద్దని, తిరిగి పొమ్మంటే తిరిగి పొమ్మని నూర్ సూరాలో ఆదేశించాడు. అక్కడ చెప్పినది ఇండ్ల గురించి అని వాదించవచ్చును. రైతుకు పొలం ఇల్లు కాదని ఎవరు చెప్పగలరు? మరొకటి గమనించాలి. దారి గురించి తగవు పడితే ఏడు మూరల వెడల్పు దారి విడవాలని ప్రవక్త తీర్పు ఇచ్చినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. అనగా బాటసారికి మన ధర్మం దారి నిరాకరించలేదు. దారికి ఒక కొలత పెట్టింది. ఏడు మూరలు బాటవారివి. ఎనిమిదవ మూర పొలంవారిది. సైకిలు సంఘం వారు ఈ కొలతను జ్ఞాపకం పెట్టుకొంటే మేము చెప్పవలసినది సగం తగ్గుతుంది. (ఏడు మూరల బాటలు మన జిల్లాలో ఎన్ని మిగిలి ఉన్నాయో అన్నది వేరే దుఃఖం.)

కమిటీ పెద్దలకు మేము విడిగా ఒక భయం విన్నవించాలి. అడవి పందుల బాధ పడలేక కొందరు రైతులు చేను చుట్టూ కరెంటు తీగలు లాగుతున్నారు. ఇది చట్టవిరుద్ధం. ఆ తీగలకు తగిలి మనుషులు మరణించిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికలలోనూ వస్తూనే ఉన్నాయి. తెల్లవారుజామున, మసక వెలుతురులో, తెలియని గట్టు వెంట వేగంగా పోయే కుర్రవానికి ఆ తీగ కనిపించదు. ముందుగా రైతును కలిసి అడిగినవానికి తీగ ఎక్కడున్నదో, బావి ఎక్కడున్నదో, కుక్క ఎట్లాంటిదో తెలుస్తుంది. అనుమతి కోసం వేసిన ఆ ఒక్క అడుగు ప్రాణాన్ని కూడా కాపాడవచ్చును. పొలం యజమానిని రక్షించే వెర్మాంట్ వంటి చట్టం మనకు లేదు గనుక, ప్రమాదం జరిగితే కళాశాల ఒకవైపు, రైతు ఒకవైపు న్యాయస్థానం మెట్లెక్కవలసి రావచ్చును. పిల్లవాని తల్లిదండ్రుల సంగతి చెప్పనే అక్కరలేదు.

కాబట్టి సంఘం పెట్టండి. మొదటి నెల సైకిలు ఎక్కకుండా నడచి పొండి. ఏ బాట నక్షాలో ఉన్నదో, ఏది లేదో గ్రామ రెవెన్యూ అధికారిని అడిగి తెలుసుకొండి. నక్షాలో లేని చోట రైతు ఇంటికి పోయి కూర్చొని అడగండి. చెప్పులు గుమ్మం బయట విడవండి. విత్తు పడిన నాటి నుంచి కోత అయ్యేవరకు గట్టు ఎక్కబోమని, వానపడిన మూడు రోజులు రాబోమని, తీసిన గేటు వేసి పోతామని, పదిమందికి మించి ఒకేసారి రాబోమని, వద్దన్న నాడు కారణం అడగక తిరిగి పోతామని మీరే వ్రాసి ఇవ్వండి. డబ్బు ఇవ్వజూపవద్దు. ఇవ్వదలిస్తే కోతల వేళ ఒక పూట పని చేసి రండి. పత్రం తెలుగులో ఒకటి, ఉర్దూ చదివే ఆసాములకు ఉర్దూలో ఒకటి సిద్ధం చేయడానికి మా రెండు శాఖలూ సిద్ధంగా ఉన్నవి. అందులో పట్టాదారు సంతకానికి ఒక గడి, సాగుదారు సంతకానికి ఒక గడి ఉంచుతాము. వేలిముద్రకు కూడా చోటు విడుస్తాము.