తాళం మన చేతిలో, బండి ఎవడి చేతిలో?

ఆ మధ్య గాజువాక నుంచి ఒక ఆటో తమ్ముడు మా దగ్గరికొచ్చాడు. తెల్లారగట్ల ఒక ముసలమ్మని కేజీహెచ్‌కి తీసుకెళ్దామని ఎక్కించుకున్నాడు. తాళం తిప్పితే బండి పలకలేదు. బ్యాటరీ బాగుంది, ఆయిలుంది. మెకానిక్కు వచ్చి వెతికితే సీటు కింద అగ్గిపెట్టెంత నల్ల డబ్బా దొరికింది. వాయిదా తొమ్మిది రోజులు లేటయిందని ఫైనాన్సువాళ్లు ఆఫీసులో కూర్చొనే బండిని ఆపేశారు. "బండి నా పేరునే ఉందన్నా. తాళం నా సేతిలోనే ఉంది. మరి ఇది ఎవులి బండి?" అన్నాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. 'ఎవరిది?' అన్నదే తరతరాలుగా మన ప్రశ్న. దున్నింది మనం, పొలం వాళ్లది. చెరువు తవ్వింది మనం, నీళ్లు వాళ్లవి. విశాఖ ఉక్కు కోసం ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. ఆర్-కార్డు పట్టుకొని ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి ముసలివాళ్లయిపోయినవాళ్లు ఉన్నారు. ఫ్యాక్టరీలో చోటు దొరకని పిల్లలు అప్పు చేసి ఆటోలు, లారీలు, ట్రాక్టర్లు కొన్నారు. భూమి దక్కలేదు, కనీసం నాలుగు చక్రాలైనా మనవనుకున్నారు. ఇప్పుడు వాటి మీదా ఇంకొకడి చెయ్యి ఉంది. ఆ చెయ్యి కంటికి కనపడదు, అంతే తేడా.

ఆ డబ్బాలో ఏముంది? మన ఫోన్లో ఉన్నట్టే ఒక సిమ్ము ఉంది. బండి ఎక్కడుందో ఉపగ్రహాల ద్వారా తెలుసుకొని గంటగంటకీ కబురు పంపుతుంది. కొన్నిటిలో స్టార్టరు వైరు మీద ఒక మీట కూడా ఉంటుంది. ఎక్కడి నుంచో ఒక మెసేజి కొడితే మీట పడిపోతుంది, బండి ఆగిపోతుంది. నువ్వు ఏ పేటకెళ్లావు, ఏ మీటింగుకెళ్లావు, రాత్రి ఎక్కడ పడుకున్నావు అన్నదంతా వాడి దగ్గర రాసి ఉంటుంది. వెనకట అప్పు తీరేదాకా పాలేరు ఊరు దాటకుండా దొర కాపలా పెట్టేవాడు. వెట్టిని 1976లో చట్టం రద్దు చేసింది. కాపలా మాత్రం డబ్బాలో దూరింది.

ఇదంతా చట్టమే అంటారు. చట్టం ఏమందో చూద్దాం. 2019 జనవరి 1 నుంచి కొత్త బస్సులు, ట్యాక్సీలలో జాడ చెప్పే యంత్రం, ఆపదలో నొక్కే బటన్ ఉండాలని కేంద్రం నియమం పెట్టింది. అది ప్రయాణికుల రక్షణ కోసం. ఆడపిల్లల భద్రతకు పనికొస్తే మేం కాదనం. కానీ ఆ నియమంలోనే మూడు చక్రాల బళ్లకు మినహాయింపు ఉంది. అంటే ఆటోలో డబ్బా పెట్టమన్నది ఈ నియమం కాదు, అప్పిచ్చినవాడు.

మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 2(30) చదవండి. అప్పు మీద ఉన్న బండికి, ఆ ఒప్పందం కింద బండి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లే యజమాని అని రాసి ఉంది. బళ్లు గుంజుకోడానికి రౌడీలను పంపడం కుదరదని 2007లో సుప్రీంకోర్టు బ్యాంకులకు చెప్పింది. బండి స్వాధీనం చేసుకునే ముందు నోటీసు గడువు ఎంతో ఒప్పందంలోనే ఉండాలని, అమ్మే ముందు ఆఖరి అవకాశం ఇవ్వాలని ఫైనాన్సు కంపెనీలకు రిజర్వు బ్యాంకు చెప్పింది. రౌడీ ఇంటికొస్తే నలుగురం పోగై అడ్డుకోవచ్చు. డబ్బాని ఎవరు అడ్డుకుంటారు? నోటీసు లేకుండా దూరం నుంచి మీట నొక్కడం, రౌడీ చేసే పనిని తీగతో చేయడమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జీలు తీర్పు చెప్పారు. ఆ హక్కు కారున్నోడికేనా, ఆటోవాడికి లేదా?

సర్కారిచ్చిన బండి సంగతీ ఇంతే. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ పేరుతో 9,260 బళ్లు దించారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద యువకుల పేరున, సబ్సిడీ మీద. పేరు మనది. ఎటు తిరగాలో, ఎప్పుడు తిరగాలో చెప్పేది మాత్రం పైవాళ్లు. 2025 జూన్ 1 నుంచి ఆ పని ఆపేశారు. బళ్లు మీకే వదిలేస్తాం అన్నారు. బియ్యం పంచడానికి కట్టిన బండితో బతుకుదెరువు ఎలా అన్నది బండివాడికే వదిలేశారు.

ఇంకొకటి, రిపేరు. గాజువాక ఆటోనగర్లో స్పానరు పట్టి బతుకుతున్న మన పిల్లలు ఎందరో. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లు, 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. పొగ తగ్గితే మన పేటలకే మేలు. కానీ వాటితోపాటు ఇంజనులోకి కంప్యూటరొచ్చింది. తప్పెక్కడుందో చూడ్డానికి స్కానర్ కావాలి. అది కంపెనీ షోరూములో ఉంటుంది. నాట్ల వేళ ట్రాక్టరాగితే చోడవరం రైతు పట్నం దాకా పరిగెత్తాలి. విడిభాగాలు, పరీక్ష సాధనాలు బయట దొరకనివ్వలేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. అమెరికాలో రైతులు పోరాడితే 2023లో కొలరాడో రాష్ట్రం సేద్యపు యంత్రాల రిపేరు హక్కుకు చట్టం చేసింది. మన దగ్గర 2022లో కేంద్రం కమిటీ వేసింది. కమిటీ కాదు, చట్టం కావాలి.

బండితోనే ఇది ఆగదు. నాగపూర్‌లో, చండీగఢ్‌లో పారిశుధ్య కార్మికుల చేతికే జాడ చెప్పే గడియారాలు కట్టారు. చీపురు పట్టిన చెయ్యి ఏ కులానిదో చెప్పాలా? ఆ గడియారం కమిషనర్ల చేతికి కట్టలేదేం?

అప్పు ఎగ్గొట్టమని మేం చెప్పడం లేదు. తీసుకున్నది కడదాం. వడ్డీ కట్టేది డబ్బుకి, మన కదలికలకి కాదు. కాబట్టి సంఘాలు ఈ పని మొదలుపెట్టాలి. సంతకం పెట్టే ముందు బండిలో ఏం బిగించారో కాగితం మీద రాయించుకోండి. ఒప్పందం నకలు తీసుకొని తెలుగులో చదివించుకోండి. అప్పు తీరాక ఫారం 35 ఒక్కటే తీసుకొని వచ్చేయకండి, డబ్బా కూడా తీయించండి. నోటీసు లేకుండా బండి ఆపితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయండి. ఒక్కడే వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. స్టాండంతా కలిసి వెళ్లండి.

బండి ఎవులిదని అడిగిన తమ్ముడికి మా జవాబు ఇదే. బండి నడిపేవాడిదే. కానీ ఆ మాట చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, మన నోటి నుంచి గట్టిగా రావాలి.