టీ కాయడానికేనా ఆవిడ?

ఇంగ్లండులో పాత మోటారుసైకిళ్ల క్లబ్బులవాళ్లు శని, ఆదివారాల్లో కుటుంబాలతో చేరి, తాతలనాటి నార్టన్ బళ్లతో పందేలు పెట్టుకుంటారు. ఇప్పుడు ఆడవాళ్లూ నడుపుతున్నారు, కాదనను. అయినా చాలామందికి దక్కేది టీ కెటిలూ, స్టాప్‌వాచీనే! అదేమంటే, ‘పాతకాలపు పద్ధతి’ట.

ఏ పాతకాలమండీ? 1934లో బ్రూక్‌లాండ్స్‌లో బియాట్రిస్ షిల్లింగ్ నార్టన్ మీదే గంటకు 100 మైళ్లకు మించిన వేగంతో చుట్టొచ్చి ‘గోల్డ్ స్టార్’ బిళ్ల గెలుచుకోలేదూ? 1962లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో బెరిల్ స్వెయిన్ 50 సీసీ బండి ఒంటరిగా నడిపి గమ్యం చేరింది. మెచ్చుకోవలసింది పోయి, ఆడవాళ్లకు ప్రమాదమంటూ ఆవిడ అంతర్జాతీయ లైసెన్సు రద్దు చేశారు. పడితే మగవాళ్ల ఎముకలు విరగవు కాబోలు!

పాతని పూజించేవాళ్లు ఈ పాతని మాత్రం ఎందుకు మరిచిపోతారో? బళ్ల తుప్పు వదిలించే ఓపికున్నప్పుడు బుర్రల తుప్పూ వదిలించుకోవద్దూ? ముందా కెటిల్ ఆయన చేతికివ్వండి.