తొడిగి చూశారా?

కార్తీకం వచ్చింది. తెల్లవారుజామున తొట్టిలో నీళ్ళు వేళ్ళకు గుచ్చుకుంటున్నాయి. పడమటి దేశాలలో ఈ రోజులను ఆకులు రాలే కాలమంటారు. అక్కడ చెట్లు ఎర్రబడగానే జనం పెట్టెల్లోనుంచి ఉన్నికోట్లు బయటికి తీస్తారు. మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆకులు రాలేది శిశిరంలో. ఆ వెనువెంటనే ఎండలు. శరత్తులో ఇక్కడ చేలల్లో పగిలేది పత్తికాయ. చలి అంటారా, దీపావళి వెళ్ళాక నెమ్మదిగా మొదలై సంక్రాంతి దాటగానే సెలవు పుచ్చుకుంటుంది. ఆ రెండున్నర నెలల్లోనూ పగలు పదిగంటలయ్యేసరికి ఎండ చురుక్కుమంటూనే ఉంటుంది.

అయినా బట్టల దుకాణాల అద్దాల వెనుక నిలబెట్టిన బొమ్మలను చూడండి! గడ్డందాకా మూసిన కోట్లు, మెడకు చుట్టిన ఉన్నిపట్టీలు, బదరీనాథ్ ప్రయాణం కట్టినట్లుంటాయి పాపం. వాటికి ఉక్కపొయ్యదు కనుక సరిపోయింది. మనకు కావలసిన చలిబట్ట వేరు. తెల్లవారుజామున వెచ్చగా ఉండాలి, ఎనిమిదింటికి బస్సెక్కేటప్పుడు నలుగురిలో బాగుండాలి, పదింటికి విప్పి చేతిమీద వేసుకుంటే బరువు కాకూడదు.

ఆదోనిని రెండవ బొంబాయి అనడం మా పెద్దల అలవాటు. అందులో సొంత ఊరి అభిమానం కొంత ఉన్నా, కారణం లేకపోలేదు. 1871లో మద్రాసు వైపు రైలుమార్గమూ బొంబాయి వైపు రైలుమార్గమూ రాయచూరులో కలుసుకున్నాయి. ఆ దారిమీదనే ఆదోని ఉన్నది. పత్తిబేళ్ళు వెళ్ళడానికీ మిల్లుబట్టల తానులు రావడానికీ అదే దారి అయింది. బళ్ళారి జిల్లాలో ఉండిన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలో చేరి కర్నూలు జిల్లాదైంది గాని, వ్యాపారం ఏనాడూ జిల్లా అడిగి నడవలేదు. ఇప్పటికీ దసరా నుంచి సంక్రాంతి దాకా మార్కెట్ యార్డు పత్తితో తెల్లబడి ఉంటుంది. సరిగ్గా అవే నెలల్లో బజారులో బట్టల దుకాణాలు కిటకిటలాడతాయి. విచిత్రమేమిటంటే ఆ యార్డులోని పత్తికీ, ఈ దుకాణంలో వేలాడే చలికోటుకూ చుట్టరికం లేదు. కోటు చాలావరకు ఉత్తరాది సరుకు, లూధియానాదో మరొకచోటిదో. దాని దారం పుట్టింది చేలో కాదు, నేలనూనెలో.

వెనుకటి రోజుల్లో బట్ట కొనడమంటే తాకి చూడడమే. షావుకారు పరుపుమీద కూర్చోబెట్టి తానును ఒక్క విసురున పరిచేవాడు. ఇల్లాలు దాన్ని రెండువేళ్ళ మధ్య నలిపి, అంచున ఒక పోగు లాగి, వీధి వెలుతురుకు పట్టి చూసేది. చీరకూ పంచెకూ ఒంటి కొలత అక్కరలేదు కదా! చొక్కాకూ రవికకూ దర్జీ ఉండేవాడు. అయితే దర్జీ ముందు కోసి, తరువాత తొడిగించేవాడు. అప్పటికే గుడ్డ ముక్కలై ఉంటుంది కనుక, బిగువైనా వదులైనా ‘బాగుంది’ అనక తప్పేది కాదు. పిల్లలకైతే ‘ఎదిగే ఒళ్ళు’ అని నాలుగంగుళాలు ఎక్కువే పెట్టించేవారు. ఒళ్ళు ఎదిగి అది సరిపోయే నాటికి చొక్కా చిరిగి ఉండేది. స్వెట్టరు కావలసినవారు బస్టాండు పక్క తాడుకు వేలాడదీసి అమ్మే టిబెట్టువాళ్ళ దగ్గర, నడివీధిలో చొక్కామీదనే తొడిగి, పక్కనున్నవాణ్ణి ‘ఎట్లుంది?’ అని అడిగి కొనేవారు.

ఇప్పుడు అంతస్తుల దుకాణాలు చిన్న ఊళ్ళకూ వచ్చాయి. వాటివల్ల మనకు కలిగిన అసలు సౌకర్యం చల్లటి గాలీ కాదు, తమంతట తామే కదిలే మెట్లూ కాదు. తొడిగి చూసి, నచ్చకపోతే మొహమాటం లేకుండా ‘వద్దు’ అనగలగడం. చొక్కా తొడుక్కుని విప్పి ఇచ్చినందుకు ఎవరూ ముఖం చిట్లించరు. ఇంత స్వేచ్ఛ దొరికితే మనవాళ్ళు దాన్ని సగమే వాడుకుంటున్నారు. గదిలోకి వెళ్ళడం, ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడడం, సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసి హాస్టల్లోని స్నేహితురాలికి పంపడం, ఆమె ‘సూపర్’ అనగానే డబ్బు కట్టడం. మా కాలేజీ పిల్లలు చేసేది ఇదే. ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడడం రోజు మొత్తంలో మనం ఎంతసేపు చేసే పని చెప్పండి?

తొడిగి చూడడమంటే ఏమిటో నేను చూసింది మా అత్తగారి దగ్గర. ఆవిడకు డెబ్బై దాటాయి. కార్తీకమాసమంతా తెల్లవారకముందే తలస్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెడతారు. కిందటి ఏడు దగ్గు పట్టుకుంటే, బలవంతాన ఒక దుకాణానికి తీసుకువెళ్ళాను. జీవితంలో ఎన్నడూ అంగట్లో బట్ట తొడిగి ఎరగని మనిషి.

“సలి ఎన్నాళ్ళుంటాదమ్మా, రెండు నెల్లు. ఈ వయసులో నాకు కోటేంది?” అన్నారు మెట్ల దగ్గరే.

అక్కడి అమ్మాయి పూలు కుట్టిన స్వెట్టరొకటి తీసి, “ఒకసారి ఏసుకొని చూడు అవ్వా” అన్నది. మగవాళ్ళ ఎదుట చేతులెత్తి తొడుక్కోవడం ఆవిడకు ఇష్టం లేకపోయింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అయిదు నిమిషాలైంది, రారు. నాకు భయం వేసి తలుపు తట్టాను. తీశారు. చూద్దును గదా, అద్దానికి వీపు పెట్టి, నేలమీద గొంతుకు కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నారు.

“ఏం చేస్తున్నారత్తా?”

“దీపం పెడ్తాండా” అన్నారు. “సూడు, సెయ్యి ముందుకు పెడితే ఇది జారి అరచేతిమీదికొస్తాంది. వత్తి తగులుకుంటే?”

ఆ స్వెట్టరు మళ్ళీ కొయ్యకు చేరింది. తరువాత మరి మూడు వచ్చాయి. ఒకటి కూర్చుంటే నడుము మీదికి ఎగబాకింది. ఇంకొకటి తలమీదుగా తొడుక్కునేది. తడి జుట్టుకు పనికిరాదన్నారు. మూడవదానికి జేబు లేదు. “తాళంచెవులు యాడ పెట్టుకోవల్ల?” అని అడిగితే ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆడవాళ్ళ బట్టకు జేబెందుకు పెట్టరో నాకూ తెలియదు. మనకు దాచుకోవలసిన వస్తువులే ఉండవని కాబోలు. చివరకు మగవాళ్ళ వైపు వెళ్ళి, ముందు గుండీలూ, రెండు జేబులూ, మణికట్టు దగ్గర పట్టీ బిగువూ ఉన్న నూలు అల్లికకోటు ఒకటి ఏరుకున్నారు. గుండీలు మగవాళ్ళ తీరున ఉన్నాయని నేను గుర్తుచేశాను. “గుండీ ఏ పక్కనుంటే ఏం, పడితే చాలదా?” అన్నారు.

ఆ దీపం సంగతి నవ్వుకుని వదిలేసేది కాదు. చలికాలం మన ఆడవాళ్ళు స్వెట్టరు తొడుక్కునే వేళలోనే పొయ్యి దగ్గరా దీపం దగ్గరా ఉంటారు. దుకాణాల్లో చౌకగా దొరికే స్వెట్టర్లు ఎక్కువగా ఆక్రిలిక్ దారానివి, కోట్లు పాలియెస్టరువి. పాలియెస్టరు అంటే కొత్త వస్తువేమీ కాదు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టినది. మన తండ్రులు మోజుపడి తొడుక్కున్న టెరిలిన్ చొక్కా అదే. ఈ దారాలు మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలుకు ఆ గుణం లేదు గాని, అదీ త్వరగా అంటుకునేదే, అందులోనూ వదులుగా వేలాడేది. ఉన్ని ఒక్కటే తొందరగా మంటకు లొంగదు. కనుక దారం ఏదైనా, చేతులు వేలాడని కోటు కావాలి. పొయ్యి దగ్గర ఆక్రిలిక్ శాలువా కప్పుకోవడం మాత్రం ఎంత చలివేసినా వద్దంటాను.

సుఖం సంగతికి వద్దాం. గాలిలోని తేమను తనలోకి తీసుకునే శక్తి దారానికొక తీరు. మామూలు వాతావరణంలో పొడి ఉన్ని తన బరువులో 16 శాతం దాకా తేమ పడుతుంది, నూలు 8.5 శాతం. ఆక్రిలిక్ రెండు శాతానికి లోపే, పాలియెస్టరు అర శాతమైనా పట్టదు. అందుకే నూలుకోటు పది గంటల ఎండకు కూడా ఓర్చుకోనిస్తుంది, పాలియెస్టరుది వీపుకు చెమటపట్టిస్తుంది. అయితే నూలుకూ లోపం లేకపోలేదు. తడిస్తే ఆరదు, తడి నూలు చలిని పెంచుతుంది. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా తుడుచుకోకుండా దానిమీద కోటు తొడిగితే లాభం లేదు. ఇవన్నీ తెలియాలంటే మెడవెనుక కుట్టిన చీటీ చదవాలి. ధరచీటీ చదివినంత శ్రద్ధగా దాన్ని చదివేవారిని నేను ఎక్కువగా చూడలేదు.

కొలతలంటారా, అదొక చిక్కు. ఎమ్, ఎల్, ఎక్సెల్ అనే అక్షరాలు ఏ ఒంటిని కొలిచి పెట్టినవి? మన దేశపు కంపెనీలు చిరకాలం ఇంగ్లండు, అమెరికా కొలతల లెక్కనే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. భుజం సరిపోతే చెయ్యి పొడుగు, పొట్ట సరిపోతే భుజం జారుడు! ఈమధ్యనే నిఫ్ట్ వారు ‘ఇండియాసైజ్’ పేరుతో ఆరు నగరాల్లో పాతికవేలమందికి పైగా మనుషులను యంత్రాలతో కొలిచి మన ఒంటికి తగిన లెక్క కట్టే పని చేపట్టారు. ఆ లెక్క అన్ని దుకాణాల కొయ్యలకూ చేరేదాకా, ఒక దుకాణంలో ఎమ్ సరిపోయినవారికి పక్క దుకాణంలో ఎక్సెల్ పట్టవచ్చు. లావయ్యామని దిగులుపడి రాత్రి భోజనం మానుకోనక్కరలేదు.

అంతా దుకాణం మీదనే చెబుతున్నాను. ఆదోనికి 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు ఉన్నదన్నది మరచిపోరాదు. అక్కడ మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. మగ్గమున్నా నూలు కొనే శక్తి లేక, నేసింది అమ్ముకునే దారి లేక షావుకారు చేతిలో చిక్కిన నేతగానికి నూలిచ్చి, కూలిచ్చి, సరుకు తానే అమ్మిపెట్టింది ఆ సంఘం. 1954లో, అంటే పద్మ పురస్కారాలు మొదలైన సంవత్సరమే, సోమప్పగారికి పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు దుప్పటి అంటే ఒకప్పుడు పెళ్ళిసారెలో పెట్టదగిన వస్తువు. సంఘం ఇప్పుడు ఆనాటి స్థితిలో లేదు, మగ్గాలు బాగా తగ్గాయి. 1985 చట్టం దుప్పటివంటి కొన్ని రకాలను చేతిమగ్గానికే కేటాయించినా, మరమగ్గంమీద నేసి చేనేత పేరుతో అమ్మేవారికి కొదవలేదు. చేనేత గుర్తు చూసి కొనడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. ఆ గుర్తు 2006లో వచ్చింది.

మందపాటి చేనేత దుప్పటి గుడ్డతో చేతులు లేని కోటు కుట్టించుకోవచ్చునని మా సహాధ్యాపకురాలు ఒకరు చేసి చూపించారు. గళ్ళ అంచు గుండెలమీదికి వచ్చేటట్లు దర్జీచేత కత్తిరించి, లోపల పలుచని నూలు అస్తరు వేయించారు. లోపల రెండు జేబులు. చీరమీద అందంగా ఉన్నది, చొక్కామీద ఇంకా బాగుంటుంది. స్టాఫ్‌రూములో నలుగురు కొలతలు తీసుకున్నారు. గుడ్డను కుట్టించేముందు ఒకసారి నీళ్ళలో ముంచి ఆరవేయడం మరువకండి, కొత్త నూలుగుడ్డ కుంచించుకుపోతుంది.

ఇక గొర్రెలకాపర్ల కంబళి ఉండనే ఉన్నది. గరుకు నిజమే, కాలేజీకి కప్పుకుపోలేము. పుష్యపౌర్ణమికి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో రాత్రి ఆరుబయట కూర్చోవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

కోటు కొనడానికి వెళ్ళేరోజున పట్టుచీర కట్టుకుని వెళ్ళకండి. రోజూ ఏమి వేసుకుంటారో అదే వేసుకోండి. దానిమీదనే గదా తొడగాలి. గదిలో ముందు గడియ పడుతుందో లేదో, తలుపు పైనా కిందా సందులున్నాయో చూసుకోండి. తొడిగాక కూర్చోండి, వంగండి, అటకమీద డబ్బా అందుకున్నట్లు చేతులెత్తండి, పిల్లను చంకనెత్తుకున్నట్లు ఒక చెయ్యి మడవండి. స్కూటరు నడిపేవారు రెండు చేతులూ ముందుకు చాచి వీపుమీద లాగుతుందేమో చూడాలి. అద్దం చివర చూసుకోవచ్చు. సంక్రాంతి వెళ్ళాక చలిబట్టలమీద తగ్గింపు బోర్డులు కడతారు. పెద్దవాళ్ళకు అప్పుడు కొంటే డబ్బు మిగులుతుంది. పిల్లలకు మాత్రం కొనకండి, వచ్చే కార్తీకానికి వాళ్ళ చేతులు బయటికి వచ్చేస్తాయి.