శుక్లం ముదిరేదాకా ఆగాలా?

మీ ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్ళున్నారా? "చూపు ఎలా ఉంది?" అని అడిగి చూడండి. "నాకేం, బాగానే ఉంది" అంటారు. కాని కాస్త గమనించండి. అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరడం మానేసి, ఆ చేట కోడలికి అప్పగించి ఎన్నాళ్ళయింది? మామగారు పేపరు పట్టుకుని వెలుతురు కోసం గుమ్మంలోకి జరుగుతున్నారా? వచ్చిన మనిషి గొంతు విన్నాక గాని పోల్చుకోలేకపోతున్నారా?

శుక్లం వల్ల చూపు ఒక్కరోజులో పోదు. రోజుకు వీసమంత తగ్గుతుంటే మనిషి దానికి అలవాటు పడిపోతాడు. అందుచేత చూపు సంగతి అడిగి తెలుసుకుంటే చాలదు, కొలిచి తెలుసుకోవాలి.

కంటి డాక్టరు 6 మీటర్ల దూరంలో, అంటే సుమారు 20 అడుగుల దూరంలో, అక్షరాల పట్టిక పెట్టి ఒక్కొక్క కంటితో విడివిడిగా చదివిస్తారు. చూపు సరిగా ఉంటే 6/6 అని రాస్తారు. 6/60 అని రాస్తే, మంచి చూపున్నవారు 60 మీటర్ల నుంచి పోల్చగల అక్షరాన్ని ఈయన 6 మీటర్ల దగ్గరికి వస్తే గాని పోల్చలేరన్నమాట. రెండు కళ్ళలో మెరుగైన కంటి చూపు కూడా 3/60 కన్నా తక్కువైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అంధత్వం. మన దేశంలో ఇదివరకు 6/60 కన్నా తగ్గితేనే అంధత్వంగా లెక్కించేవారు. 2017లో మనమూ 3/60 హద్దుకు మారాము.

1996-2000 మధ్య హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మంది కళ్ళు పరీక్షించారు. అప్పటి కొలత ప్రకారం నూటికి 1.84 మంది అంధులని తేలింది. ఆ అంధత్వంలో 44 శాతానికి కారణం శుక్లమే. 2015-19 జాతీయ సర్వేలో, 50 ఏళ్ళు పైబడినవారి అంధత్వంలో 66 శాతం శుక్లం వల్ల వచ్చిందే. ఆపరేషనుతో తిరిగి రాగల చూపు లేక ఇంతమంది చీకట్లో కూర్చున్నారు!

ఈ లెక్కకు అందని బాధ ఇంకా ఉంది. ఒక కన్ను మసకబారినా రెండోది బాగుంటే ఆ మనిషి అంధుల పట్టికలోకి రారు. కాని మెట్టు దిగేటప్పుడు తడబడేది, గ్లాసులో నీళ్ళు పోయబోయి బయట పోసేది వారే. అందుకే చదవడం, మెట్లు దిగడం, వంట చేయడం, మనుషులను పోల్చడం వంటి 14 పనుల గురించి అడిగే ప్రశ్నల పట్టిక ఒకటి 1994 నుంచి వాడుకలో ఉంది.

ఇంతకీ శుక్లమంటే ఏమిటి? కంటి మీద పెరిగే పొర అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కంటిపాప వెనుక అద్దంలాంటి కటకం ఉంటుంది. వయసు మీదపడ్డాక అది మసకబారడమే శుక్లం. మధ్యభాగం మసకబారితే దూరపు చూపు తగ్గుతుంది గాని, కొందరికి దగ్గర చూపు బాగుపడినట్లుంటుంది. "జోడు లేకుండానే పంచాంగం చదువుతున్నాను" అని తాతగారు మురిసిపోతే మీరు మురిసిపోకండి, డాక్టరుకు చూపించండి. అంచుల నుంచి చారలుగా వచ్చే శుక్లంలో దీపాల వెలుగు చెదిరినట్లు కనిపిస్తుంది. కటకం వెనుక భాగాన వచ్చేది చదువుకూ, ఎండలో చూపుకూ అడ్డుపడుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో, స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడినవారిలో ఇది తరచు కనిపిస్తుంది. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి, స్లిట్ లాంప్‌తో చూసి, శుక్లం ఏ రకమో, ఎంతవరకు వచ్చిందో డాక్టరు నిర్ణయిస్తారు.

ఇక అసలు ప్రశ్న. ముదిరేదాకా ఆగాలా? అక్కర్లేదు. కటకాన్ని మొత్తంగా పెకలించి తీసే పాత రోజుల్లో అలా ఆగమనేవారు. ఇప్పుడు చిన్న గాటుతో శుక్లం తీసి కృత్రిమ కటకం అమరుస్తున్నారు. బాగా ముదిరితే ఆపరేషను కష్టమవుతుంది. కొందరిలో కటకం ఉబ్బి కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ నష్టం మళ్ళీ పూడదు. చూపు తగ్గి రోజువారీ పనులకు అడ్డం వచ్చినప్పుడే ఆపరేషనుకు తగిన సమయం. శుక్లం ఉన్నా పనులకు ఇబ్బంది లేకపోతే సాధారణంగా తొందరలేదు. శుక్లాన్ని కరిగించే చుక్కలు గాని, పసర్లు గాని లేవు. వాటిని నమ్మి కళ్ళు పాడుచేసుకోవద్దు.

ఆపరేషనుకు ముందు కంటి ఒత్తిడి, రెటీనా, చక్కెర, రక్తపోటు పరీక్షించాలి. రెటీనా దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. ఈ సంగతి డాక్టరుగారిని ముందే అడగండి. చూపు హఠాత్తుగా పోయినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా శుక్లమే అనుకుని ఊరుకోక ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. గోడ క్యాలెండరుకు పదడుగుల దూరంలో అమ్మగారిని కూర్చోబెట్టండి. వాడే జోడు ఉంటే పెట్టుకోమనండి. కన్ను నొక్కకుండా ఒక కంటికి అరచెయ్యి అడ్డంపెట్టి, తేదీలు చదవమనండి. తరువాత రెండో కంటితో. రెండింటికీ తేడా ఉన్నా, రెండూ తడబడినా ఆలస్యం చేయకండి. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు, ఆవిడను డాక్టరు దగ్గరికి బయలుదేరదీయడానికి మాత్రమే. "ఈ వయసులో నాకెందుకర్రా ఆపరేషను" అంటారు. మనవడి ముఖం స్పష్టంగా చూడటానికి, అని చెప్పండి.