పంపు ఆఖరున విప్పాలి

రాయ్‌పూర్ నుంచి జగ్దల్‌పూర్ మీదుగా విజయనగరం వచ్చే రోడ్డు ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి. బస్తర్‌లో కేశ్‌కాల్ ఘాట్ ఎక్కే లారీలూ, సుక్మా, కోంటా దాటి మన చింతూరులో దిగే జీపులూ ఏళ్ల తరబడి ఎక్కువగా మైకో డీజిల్ పంపులతోనే నడిచాయి. బాష్ భాగస్వామ్యంతో 1951లో ఏర్పడి, బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి మైకో అనేది పొట్టి పేరు. ఆ పంపుల దగ్గర మెకానిక్కులు అలవరచుకున్న ఒక క్రమం మన దగ్గర పాత పెట్రోలు కార్లున్న వాళ్లకి ఇప్పుడు చాలా అవసరం.

మన పాత ఇంజెక్షన్ కార్లంటే ఏవి? యూరో ప్రమాణాల మీద 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత కొత్త కార్లలో కార్బురేటర్ త్వరగా తప్పుకుంది. ఎస్టీమ్, మొదటి సాంత్రో, మొదటి హోండా సిటీ, లాన్సర్ లాంటివి ఇప్పుడు పాతికేళ్ల బండ్లు. ప్రేమగా దాచుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పొద్దున సెల్ఫ్ కొడితే అందుకోవు, ఐడిల్‌లో ఊగుతాయి, గేరు మార్చగానే మిస్ కొడతాయి. స్కానర్ పెడదామంటే చాలావాటికి పనికిరాదు. ఓబీడీ-2 మన దేశంలో తప్పనిసరి అయింది 2013లోనే. ఇక మిగిలింది ఊహ. ఊహ ముందుగా వెళ్లేది కంప్యూటర్ మీదకే. "ఈసీఎం పోయింది సార్" అన్న మాటతో ఎన్ని మంచి బండ్లు మూలన పడ్డాయో తలుచుకుంటే బాధేస్తుంది.

బస్తర్ రోడ్డు మీద అలా కుదరదు. పంపు విప్పితే బెంచి మీద పెట్టి కాలిబ్రేషన్ చేయించాలి. జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ దాదాపు 300 కిలోమీటర్లు, విశాఖ కూడా ఇంచుమించు అంతే. ఘాట్ మధ్యలో బెంచి ఎక్కడుంటుంది? కాబట్టి చెయ్యి ముందు ట్యాంకు దగ్గరకి వెళ్తుంది. జాలీ మూసుకుపోయిందా, ఫిల్టర్‌లో నీళ్లున్నాయా, లైన్లో గాలి పట్టిందా? బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండుగా డీజిల్ వచ్చేదాకా ఫీడ్ పంపు కొడతారు. అప్పటికీ మిస్ ఉంటే ఇంజన్ నడుస్తుండగానే గుడ్డ అడ్డం పెట్టి ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేస్తారు. ఇంజన్ మోత పడిపోతే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. ఏ నట్టు వదిలినప్పుడు మోత మారదో జబ్బు అక్కడే. ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌లో పెట్టి చూస్తారు. మిస్ దానితో పాటే వెళ్లిందా, నాజిల్ మార్చాలి. వెళ్లలేదా, అప్పుడు కంప్రెషన్ చూస్తారు, ఆ తర్వాతే పంపు.

ఈ వరస పెట్రోలు బండికి తీసుకెళ్లేటప్పుడు ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకెళ్లకూడదు. నడుస్తున్న పెట్రోలు ఇంజన్ మీద ఇంధనం పైపు వదులు చేయడం నిప్పుతో పెట్టుకోవడమే. కొత్త కామన్ రైల్ డీజిల్‌లోనూ ఆ పని చేయకూడదు. వెయ్యి బార్‌లు దాటే ఒత్తిడిలో వచ్చే ధార చర్మంలోకి దిగిపోతుంది. పెట్రోలు బండిలో అదే పరీక్షకి సురక్షితమైన దారి ఉంది. ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ పీకి మోత వినాలి. ప్లగ్గు వైరు పీకితే కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది, కాబట్టి కనెక్టరే మేలు.

దానికి ముందు చూడాల్సింది ప్రెషర్. కీ తిప్పగానే వెనక పంపు రెండు మూడు సెకన్లు మోగాలి. గేజి పెడితే చాలా బండ్లలో 2.5 నుంచి 3 బార్‌లు చూపిస్తుంది; మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. రెగ్యులేటర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం పీకితే అర బార్ దాకా పెరగాలి. ఆ గొట్టంలోనే పెట్రోలు కనబడితే డయాఫ్రం చిరిగినట్టు. నల్లపొగకి కారణం దొరికింది, కంప్యూటర్ జోలికి పోనక్కర్లేదు. ఇంజన్ ఆపిన వెంటనే ముల్లు సున్నాకి పడితే పంపు వాల్వో, రెగ్యులేటరో, కారే ఇంజెక్టరో చూడాలి.

డీజిల్ లైన్లో పట్టే గాలిలాంటిదే ఇక్కడ మానిఫోల్డ్‌లో దొంగచాటుగా దూరే గాలి. మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే బండ్లలో ఐడిల్ పెరుగుతుంది. లోపలికొచ్చే గాలిని కొలిచే బండ్లలో మిశ్రమం పలచబడి బండి దగ్గుతుంది. కంప్యూటర్‌ని ఆఖరున చూడాలన్న ఈ పాఠం ప్రపంచానికి కొత్త కాదు. 1967లో అమెరికాకి పంపిన ఫోక్స్‌వ్యాగన్ 1600లో బాష్ పెట్టిన డీ-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ ఏర్పాటుకి ఈ రోజుకీ మరమ్మతు చేసేది వోల్ట్ మీటరూ, ప్రెషర్ గేజీతోనే. దానిలోనూ ఎక్కువగా చెడేది కంప్యూటర్ కాదు. ప్రెషర్ సెన్సర్‌లోని పల్చటి డయాఫ్రం పగులుతుంది, డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్టులు అరుగుతాయి, వైర్ల పైపూత రాలిపోతుంది.

మనకి అదనంగా ఒక గొడవ వచ్చిపడింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. దీనికోసం తయారుకాని పాత రబ్బరు గొట్టాలూ, ఓ-రింగులూ దీన్ని తట్టుకోవు. పాతికేళ్ల గొట్టం మీద నమ్మకం పెట్టుకోవడం కన్నా ఇంజెక్షన్ ప్రెషర్‌కి సరిపడే కొత్త గొట్టాలు వేయించడం ముందు పని. ఇంజెక్టర్లు తీసిన ప్రతిసారీ ఓ-రింగులు మార్చాలి.

టెంపరేచర్ సెన్సర్‌కి అయితే మీటరు చాలు. చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్‌ల చుట్టూ, 80 డిగ్రీల దగ్గర మూడు వందల చుట్టూ చూపాలి. ఆ తీగ తెగితే, రక్షణ ఏర్పాటు లేని కంప్యూటర్ ఇంజన్ ఇంకా గడ్డకట్టే చలిలోనే ఉందనుకుని పెట్రోలు కుమ్మరిస్తుంది.

కంప్యూటర్ ఎప్పుడూ చెడదని కాదు. తొంభైల నాటి మిత్సుబిషీ యూనిట్లలో కెపాసిటర్లు కారి బోర్డుని తినేయడం అందరికీ తెలిసిన జబ్బే. అయినా డబ్బా తెరిచే ముందు, సెల్ఫ్ తిరుగుతుండగా దాని సప్లై పిన్ను దగ్గర పది వోల్టులకి తగ్గకుండా ఉందా, ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజీ దాదాపు సున్నా ఉందా అన్నది చూడండి. ఎర్త్ బోల్టు కింద తుప్పు గీకి బిగించడానికి ఒక స్పానరూ, ఉప్పు కాగితం ముక్కా చాలు.